ఏటా కదిలే ఒడ్డు: శ్రీకాకుళం తీరం కార్తీకంలో ఒకలా, మాఘంలో మరోలా ఎందుకుంటుంది?

సంక్షిప్తంగా: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బీచ్‌లు విశాఖపట్నంలో మాదిరిగా కొండల అండన ఏర్పడినవి కావు. నదులు తెచ్చిన ఇసుకతో, అలలు దాన్ని ఉత్తరానికి నడిపించడంతో ఏర్పడినవి. అందుకే వాటి వెడల్పు, నీటి రంగు, లోతు కాలాన్ని బట్టి మారతాయి. జనం ఎక్కువగా వచ్చే కార్తీక మాసమే సముద్రం ఎత్తుగా, మురికిగా, ప్రమాదకరంగా ఉండే కాలం. ఓడరేవులు, విమానాశ్రయం వస్తున్న ఈ దశలో ఇసుక నడకను లెక్కలోకి తీసుకోకుండా కట్టే ఏ పర్యాటక నిర్మాణమూ ఎక్కువ కాలం నిలవదు.

కార్తీక మాసపు ఆదివారం కళింగపట్నం వెళ్ళినవారికి ఇరుకైన ఒడ్డు, బురద కలిసిన నీరు, పాదాల దగ్గరే విరుచుకుపడే అలలు కనిపిస్తాయి. ఫిబ్రవరి నెలాఖరులో అదే చోట నిలబడితే నీలం నీళ్ళు, నింపాదిగా నడిచి వెళ్ళేంత ఇసుక మేట ఎదురవుతాయి. ఫొటోలు చూసి వచ్చినవారు మోసపోయామనుకుంటారు. బీచ్‌ను నిర్లక్ష్యం చేశారని కొందరు, సముద్రం ముందుకు వచ్చేసిందని మరికొందరు అంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు. అయితే ఈ తేడాలో అధిక భాగం ఏటా జరిగే సహజమైన మార్పే. ఇక్కడి పర్యాటకం గురించి చేసే ఏ చర్చకైనా ఈ మార్పే మొదటి మెట్టు కావాలి.

కొండ అడ్డులేని ఒడ్డు

విశాఖపట్నం దగ్గర తూర్పు కనుమలు సముద్రం దాకా వస్తాయి. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, భీమిలి కొండ వంటివి ఒడ్డును చిన్న చిన్న వంపులుగా విడగొడతాయి. కొండ కొమ్ము ఒక వైపు అలను ఆపుతుంది, ఇసుకను పట్టి ఉంచుతుంది. భీమిలి దాటి ఉత్తరానికి వెళ్ళేకొద్దీ కొండలు లోపలికి తప్పుకుంటాయి. మహేంద్రగిరి 1,501 మీటర్ల ఎత్తున్నా అది దూరాన నీలిరంగు గీతలా కనిపించేదే తప్ప ఒడ్డుకు ఆసరా ఇచ్చేది కాదు. రణస్థలం నుంచి ఇచ్ఛాపురం వరకు సుమారు 193 కిలోమీటర్ల శ్రీకాకుళం తీరం దాదాపు తిన్నగా, బంగాళాఖాతానికి పూర్తిగా ఎదురుగా ఉంటుంది.

విజయనగరం జిల్లాకున్న తీరం చిన్నది. భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో సుమారు 28 కిలోమీటర్లు మాత్రమే. అందులో చింతపల్లి ప్రత్యేకమైనది. అక్కడ ఒడ్డుకు దూరంగా నీటి అడుగున రాళ్ళున్నాయి. వాటి గురించి ఓడలను హెచ్చరించడానికే 19వ శతాబ్దంలో దీపస్తంభం కట్టారు. అదే జిల్లాలోని కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలుస్తుంది.

ఈ తీరంలోని ఇసుక రంగు కూడా ఒక ప్రశ్నే. కొన్నిచోట్ల అల వెనక్కి వెళ్ళాక నల్లని చారలు, వాటి అంచున ఎర్రటి పొడి కనిపిస్తాయి. ఓడల నుంచి కారిన నూనె అని చాలామంది భ్రమపడతారు. అది కనుమల రాతి పొడి. తూర్పు కనుమల్లోని ప్రధాన శిల ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీదే దానికి ఆ పేరు వచ్చింది. ఆ రాయి అరిగినప్పుడు గార్నెట్, సిలిమనైట్ వంటి ఖనిజాలు బయటపడతాయి. పక్కనున్న ఇతర శిలల నుంచి ఇల్మెనైట్, జిర్కాన్, మోనజైట్ వస్తాయి. ఇవి మామూలు ఇసుక కన్నా బరువైనవి. అల వెనక్కి వెళ్ళేటప్పుడు తేలికైన తెల్లటి రేణువులను లాక్కుపోతుంది, బరువైనవి అక్కడే మిగులుతాయి. ఇల్మెనైట్ వల్ల నలుపు, గార్నెట్ వల్ల ఎరుపు. తుపాను తర్వాత ఈ చారలు మరింత చిక్కగా కనిపించడానికి కారణం ఇదే. మోనజైట్‌లో థోరియం ఉంటుంది కనుక భావనపాడు, కళింగపట్నం ప్రాంతాల ఇసుకకు అణు ఖనిజాల లెక్కలో కూడా చోటుంది.

ఒకే సముద్రం, రెండు కాలాలు

నీటి రంగు మారడానికి మూలం తీరం వెంట నడిచే ప్రవాహం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు అది దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తుంది. లోతు సముద్రపు స్వచ్ఛమైన, ఉప్పదనం ఎక్కువున్న నీటిని తెస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దిశ తిరగబడుతుంది. వర్షాకాలమంతా గంగ, బ్రహ్మపుత్ర, మహానది కుమ్మరించిన మంచినీరు, ఒండ్రు అప్పుడు ఉత్తరం నుంచి దిగి వస్తాయి. వంశధార, నాగావళి వరద నీళ్ళూ దానికి తోడవుతాయి. కార్తీకంలో కళింగపట్నం నీళ్ళు గోధుమరంగులో ఉండటానికి ఊరి మురుగు కన్నా ఇదే పెద్ద కారణం.

ఒడ్డు వెడల్పు మారడానికి కారణం సముద్రమట్టమే. బంగాళాఖాతపు పశ్చిమ తీరంలో నీటిమట్టం మార్చి ప్రాంతంలో అన్నిటికన్నా తక్కువగా, అక్టోబరు, నవంబరులో అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. తేలికైన మంచినీరు చేరడం, దక్షిణానికి వెళ్ళే ప్రవాహం భూభ్రమణం వల్ల నీటిని ఒడ్డు వైపు నెట్టడం ఇందుకు కారణాలు. ఇది రోజూ వచ్చే ఆటుపోట్ల కన్నా వేరు. నెలల తరబడి నిలిచి ఉండే తేడా. పైకి చూస్తే స్వల్పమే. కానీ ఒడ్డు మెల్లగా వాలే చోట నీరు ఒక అడుగు పెరిగితే ఇరవై అడుగుల ఇసుక మునిగిపోతుంది. దాని మీద తుపాను అలలు వస్తే, మార్చిలో పొడిగా ఉన్న ఇసుక తిన్నె అంచును కూడా సముద్రం కోసేస్తుంది.

ఇక తుపానులు. ఈ తీరాన్ని గుర్తుపెట్టుకునేలా దెబ్బతీసినవన్నీ దాదాపు ఒకే ఋతువులో వచ్చాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటాయి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన తాకింది. తిత్లీ ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. ఒక తరం పెంచిన చెట్లు ఒక్క రాత్రిలో పోయాయి. ఆ నష్టంతో పోలిస్తే బీచ్ కోత చిన్న విషయమే. పైగా ఇసుక విషయంలో ఒక ఊరట ఉంది. తుపాను కోసిన ఇసుకలో చాలా భాగం ఒడ్డుకు కొద్ది దూరంలో నీటి అడుగున మేటగా చేరుతుంది. తర్వాతి నెలల్లో శాంతించిన అలలు దాన్ని కొద్దికొద్దిగా తిరిగి తెస్తాయి. ఒడ్డు మీద గోడ కడితే ఈ రాకపోకలకు అడ్డు పడుతుంది. గోడను తాకి ఎగిరిన అల దాని పాదం దగ్గరి ఇసుకను తవ్వుకుపోతుంది.

మొగ నిలకడగా ఉండదు

నది సముద్రంలో కలిసే చోటును మత్స్యకారులు మొగ అంటారు. ఈ రెండు జిల్లాల్లో పేరున్న బీచ్‌లలో చాలావరకు ఏదో ఒక మొగ పక్కనే ఉన్నాయి. కళ్ళేపల్లి దగ్గర నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ, ఇచ్ఛాపురం వైపు బాహుదా. ఇది యాదృచ్ఛికం కాదు. ఇసుకను తెచ్చింది నది, పరిచింది సముద్రం. నది ఒక వైపు, సముద్రం ఒక వైపు ఉన్న ఇసుక నాలుక మీద నిలబడటమే ఈ ప్రాంతపు అసలైన అందం. బారువలో దానికి వెనుక కొబ్బరి తోటలు కూడా తోడవుతాయి.

ఆ నాలుకే అస్థిరమైనది. నైరుతి ఋతుపవనాల కాలంలో అలలు ఒడ్డును ఏటవాలుగా తాకి ఇసుకను ఉత్తరానికి నడిపిస్తాయి. శీతాకాలంలో కొంత ఇసుక వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరపు నడకదే పైచేయి, అదీ లక్షల ఘనపు మీటర్లలో. ఆ ఇసుక మొగకు అడ్డంగా పెరుగుతూ నది నోటిని పక్కకు నెడుతుంది. చిన్న నదుల మొగలు ఎండాకాలంలో దాదాపు పూడుకుపోతాయి. పెద్ద వరద వచ్చినప్పుడు నది తనకు దగ్గరి దారిని కోసుకుంటుంది. నిన్నటి బీచ్ ఇవాళ నదీగర్భం అవుతుంది. మొగకు ఆనుకుని పార్కు, మెట్లు, విగ్రహాలు పెట్టడం అంటే నది కోసుకునే దారిలో పెట్టడమే.

దీనికి చరిత్ర కూడా సాక్ష్యం. కళింగపట్నానికి కొద్ది దూరంలో వంశధార దక్షిణపు ఒడ్డున శాలిహుండం కొండ ఉంది. క్రీస్తుపూర్వం నుంచి శతాబ్దాల పాటు వర్ధిల్లిన బౌద్ధ స్థావరమది. స్తూపాలు, చైత్యాలు కొండ మీద, కింద నది, ఎదురుగా సముద్రం. అలాంటి స్థావరం నిలబడటానికి ఓడల వర్తకం కూడా తోడ్పడి ఉండవచ్చు. బ్రిటిష్ కాలంలోనూ కళింగపట్నం రేవుగా పనిచేసింది. ఓడలు దూరాన లంగరు వేస్తే పడవలు సరకు చేరవేసేవి. రైలుమార్గం, ఆపై 1933లో ప్రారంభమైన విశాఖ ఓడరేవు ఆ వర్తకాన్ని తీసుకుపోయాయి. ఇప్పుడు దీపస్తంభం, తుపాను హెచ్చరికల్లో రేడియోలో తరచూ వినిపించే ఊరి పేరు మిగిలాయి.

ఇప్పుడు కొత్తగా చేరిన సమస్య ఇసుక రాబడి తగ్గడం. వంశధార మీద గొట్టా బ్యారేజీ, హిరమండలం జలాశయం, నాగావళి మీద తోటపల్లి, నారాయణపురం కట్టడాలు సాగుకు ప్రాణాధారం. వాటిని తప్పుపట్టడానికి లేదు. కానీ నీటిని ఆపిన ప్రతి చోటా ముతక ఇసుక కూడా కొంత ఆగుతుంది. నదీగర్భం నుంచి నిర్మాణాల కోసం తవ్వి తీసేది దీనికి అదనం. మొగకు చేరాల్సిన ఇసుక తగ్గినా అలలు ఉత్తరానికి తీసుకెళ్ళడం మాత్రం ఆగదు. అందుకే కోత ముందుగా మొగల దగ్గరే మొదలవుతుంది.

ప్రాణాలు తీసే లాగుడు

కార్తీక వనభోజనాలకు వచ్చి సముద్రంలో గల్లంతైన యువకుల వార్త లేని ఏడాది ఉత్తరాంధ్రలో అరుదు. దీనికి రెండు కారణాలు కలిసి పనిచేస్తాయి. మొదటిది ఒడ్డు వాలు. ముతక ఇసుక ఉన్న చోట వాలు ఎక్కువ. మోకాలి లోతు నుంచి రెండు అడుగులు వేస్తే ఛాతీ లోతు వస్తుంది. రెండోది తిరుగు ప్రవాహం. వరుసగా వచ్చే అలలు ఒడ్డున పోగుచేసిన నీరు ఇసుక మేటల మధ్య ఉన్న సందులోంచి వేగంగా సముద్రంలోకి వెళ్ళిపోతుంది. అది మనిషిని కిందికి ముంచదు, దూరానికి లాగుతుంది. ఎదురీది అలసిపోవడం వల్లే మరణాలు జరుగుతాయి. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే కొద్ది దూరంలోనే దాని పట్టు వదులుతుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ సందు దగ్గర అలలు తక్కువగా విరుగుతాయి కాబట్టి నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. మత్స్యకారులు తెప్పను సముద్రంలోకి దించడానికి అల తక్కువగా విరిగే చోటు వెతుకుతారు. కొత్తగా వచ్చినవారు స్నానానికీ అలాంటి చోటే ఎంచుకుంటారు. ఒకరికి దారి అయినది మరొకరికి ఉచ్చు అవుతోంది. ఆ రోజు సందు ఎక్కడుందో చూడగానే చెప్పగలిగినవారు ఆ ఊరి మత్స్యకారులే. శాశ్వతంగా పాతిన హెచ్చరిక బోర్డు, రోజు రోజుకూ స్థానం మారే సందును చూపించలేదు. అందుకే అక్టోబరు, నవంబరు ఆదివారాల్లో స్థానిక గజఈతగాళ్ళకు జీతమిచ్చి, జెండాలు పాతించి కాపలా పెట్టడం మిగతా ఏ సౌకర్యం కన్నా ముందు రావాలి.

గోల్డ్ కోస్ట్ పాఠం

ఇసుక ఉత్తరానికి నడిచే తీరాన్ని సెలవుల తీరంగా మార్చిన ప్రసిద్ధ ఉదాహరణ ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్. క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు దక్షిణాన, ఉపోష్ణ మండలంలో ఉన్న ఆ తీరం వెంట ఏటా సుమారు 5 లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఉత్తరానికి వెళ్తుంది. 1960ల మొదట్లో దక్షిణపు అంచున ట్వీడ్ నది మొగను స్థిరంగా ఉంచడానికి రాతి గోడలను సముద్రంలోకి పొడిగించారు. పడవలకు దారి దొరికింది. ఇసుక మాత్రం గోడకు దక్షిణాన ఆగిపోయింది. ఉత్తరాన కిర్రా వంటి బీచ్‌లు చిక్కిపోయాయి. 1967లో వరుసగా వచ్చిన తుపానులు అక్కడి ఒడ్డును, దాని మీది కట్టడాలను తీవ్రంగా దెబ్బతీశాయి.

ఆ దేశం చివరికి చేసింది, నది చేయలేకపోతున్న పనిని యంత్రంతో చేయించడం. 1986లో ఉత్తరాన సీవే అనే పడవల దారి దగ్గర, 2001లో ట్వీడ్ దగ్గర, గోడకు దక్షిణాన ఆగిన ఇసుకను పంపులతో అవతలికి తోసే శాశ్వత ఏర్పాట్లు మొదలయ్యాయి. తొలి ఏళ్ళలో ఎక్కువ ఇసుక పోయడంతో కిర్రా బీచ్ మరీ వెడల్పయి, అలల కోసం వచ్చేవారు నిరాశపడ్డారు కూడా. అంటే పరిష్కారం ఉంది. కానీ అది ఒకసారి ఖర్చుపెట్టి మరిచిపోయేది కాదు, ఓడరేవు ఉన్నంత కాలం నడపాల్సింది.

మన దగ్గర కూడా అనుభవం ఉంది. విశాఖలో ఓడరేవు గోడల దగ్గర పేరుకున్న ఇసుకను తవ్వి రామకృష్ణా బీచ్ వైపు పోస్తూ రావాల్సి వస్తోంది. పుదుచ్చేరిలో 1980ల చివర కట్టిన రేవు గోడల తర్వాత ఉత్తరాన ఉన్న పట్టణం తన బీచ్‌నే పోగొట్టుకుని రాళ్ళ గట్టుతో మిగిలింది.

మూలపేట, భోగాపురం: రాబోయే మార్పులు

సంతబొమ్మాళి మండలం మూలపేటలో కొత్త ఓడరేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోయి పనిచేయాల్సి వస్తున్న పరిస్థితిలో, ఈ తీరానికి రేవులు, జెట్టీలు కావాలనడంలో సందేహం లేదు. 2018లో అలా వెళ్ళినవారిలో కొందరు పాకిస్తాన్ జైలు పాలై 2020లో గానీ ఇల్లు చేరలేదు. ప్రశ్న రేవు కావాలా వద్దా అన్నది కాదు. రేవు గోడలు సముద్రంలోకి వెళ్ళినప్పుడు దక్షిణాన ఇసుక పేరుకోవడం, ఉత్తరాన కొరత రావడం ఈ తీరంలో ఊహించదగ్గదే. ఉత్తరాన ఉన్నవి వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాలు. అక్కుపల్లి శివసాగర్ బీచ్, బారువ అటు వైపే ఉన్నాయి. వందేళ్ళకు పైగా నీటి అడుగున ఉన్న ఆవిరి ఓడ శిథిలాన్ని చూడటానికి ఈతగాళ్ళు దిగేది బారువ తీరంలోనే. ఇసుకను అవతలికి చేర్చే ఏర్పాటు, దానికి ఏటా డబ్బు ఎవరు పెట్టాలన్నది రేవు ఒప్పందాల్లోనే తేలాల్సిన విషయం.

భోగాపురం విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన చేశారు. దాని ప్రభావం వేరు. అది ఇసుకను ఆపదు, జనాన్ని తెస్తుంది. చింతపల్లి, కోనాడ, ముక్కాం వంటి ఊళ్ళ తీర భూముల మీద ఒత్తిడి పెరుగుతుంది.

ఇసుక తిన్నెల వెనక ఉన్నవి

బీచ్ అంటే నీటి అంచు మాత్రమే అనుకుంటే ఈ తీరంలో సగం కనిపించదు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు జనవరి నుంచి మార్చి వరకు ఇక్కడి ఒడ్డున గుడ్లు పెడతాయి. పొరుగున ఒడిశాలోని ఋషికుల్య మొగ దగ్గర 2025లో ఆరు లక్షలకు పైగా తాబేళ్ళు గుడ్లు పెట్టాయి. శ్రీకాకుళంలో అంత సంఖ్య లేదు, చెదురుమదురుగా వస్తాయి. గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఇసుక వేడి సుమారు 29 డిగ్రీలకు మించితే ఎక్కువగా ఆడపిల్లలు, తగ్గితే మగవి పుడతాయి. గుడ్డు నుంచి బయటపడిన పిల్ల వెలుగు ఎక్కువున్న దిక్కుకు నడుస్తుంది. సహజంగా అది సముద్రం. ఒడ్డున విద్యుద్దీపాలుంటే ఆ దిక్కు తప్పుతుంది. కూర్మనాథుడు కొలువైన శ్రీకూర్మానికి ఇంత దగ్గరలో ఈ రాకపోకలు సాగడం స్థానికులకు కొత్త విషయం కాదు.

తిన్నెల వెనక ఉప్పుటేర్లు, తంపరలు, బీలలు అని పిలిచే చిత్తడి నేలలు ఉన్నాయి. నౌపడా తంపరను నమ్ముకునే తేలినీలాపురంలో గూడబాతులు ఏటా గూళ్ళు కడతాయి. అవి సైబీరియా నుంచి వస్తాయని ప్రచారం ఉన్నా, ఆ జాతి గూడబాతులు దక్షిణాసియా, ఆగ్నేయాసియా దాటి గూడు కట్టవు. వాటికి కావలసింది చెట్టు ఒక్కటే కాదు, చేపలున్న తంపర కూడా. సోంపేట బీలను థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించడాన్ని వ్యతిరేకిస్తూ రైతులు, మత్స్యకారులు చేసిన పోరాటంలో 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ నేలలు బంజరు కావని ఈ ప్రాంతం మూల్యం చెల్లించి చెప్పిన మాట అది.

తిన్నెలు తాగునీటి తొట్టెలు కూడా. ఇసుకలోకి ఇంకిన వాననీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు ఉంటే కింద సుమారు నలభై మీటర్ల వరకు దాని మందం ఉండవచ్చన్నది సూత్రం. పైన ఒక మీటరు తోడేస్తే కింద నలభై మీటర్లు పోతాయన్నది దాని రెండో ముఖం. ఒడ్డున పెద్ద విడిది గృహాల బోర్లు పడితే పక్క ఊరి బావి ఉప్పగా మారేది ఇందుకే.

ఏది కట్టవచ్చు

2019 నాటి తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ ప్రకారం జనసాంద్రత తక్కువగా ఉన్న గ్రామీణ తీరంలో పోటు గీత (పోటు సమయంలో నీరు చేరే హద్దు) నుంచి 200 మీటర్ల వరకు, 2011 లెక్కల్లో చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్న గ్రామీణ ప్రాంతాల్లో 50 మీటర్ల వరకు శాశ్వత నిర్మాణాలకు అనుమతి లేదు. అయితే పోటు గీతకు కనీసం 10 మీటర్ల అవతల తాత్కాలిక పాకలు, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు వంటివి పెట్టుకోవచ్చు. ఈ తీరానికి సరిగ్గా సరిపోయేవి కూడా అవే. సెప్టెంబరులో విప్పి, తుపానుల కాలం గడిచాక మళ్ళీ నిలబెట్టగలిగే కర్ర, తాటాకు కట్టడాలు. కాంక్రీటు గదులు, వాహనాల నిలుపు స్థలం, దీపాలు రహదారి వైపు, తిన్నెకు వెనక ఉండాలి. జాతీయ రహదారి 16 తీరానికి సమాంతరంగా వెళ్తోంది కాబట్టి ఇది అసాధ్యం కాదు.

ఇందుకు ముందుగా కావలసింది కొలత. పోటు గీత ఎక్కడుందన్నదే తెలియకుండా పది మీటర్లు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో తేలదు. మూలపేటకు ఉత్తరాన, నాలుగు నదుల మొగల దగ్గర, ఒడ్డు వెడల్పును ఏటా రెండుసార్లు, మార్చిలో ఒకసారి, నవంబరులో ఒకసారి నమోదు చేయాలి. ఈ ఏడాది మార్చి కొలతను నవంబరు కొలతతో పోల్చి సముద్రం ఊరిని మింగేస్తోందని గానీ, నవంబరు కొలతను మార్చితో పోల్చి బీచ్ పెరిగిందని గానీ ప్రకటించడం తప్పు. మార్చిని మరుసటి మార్చితో, నవంబరును మరుసటి నవంబరుతో పోల్చాలి. ఓడరేవు గోడల ప్రభావం ఎంత, ఋతువు ప్రభావం ఎంత అన్నది విడదీయగలిగేది అలా కొన్నేళ్ళ పాటు పోగైన అంకెలతోనే.